ధర కదల్లేదు.. డబ్బెటు పోయింది?

ఆదివారం రాత్రి పదకొండు దాటాక తణుకు నుంచి బావ ఫోన్. మా మేనత్త కొడుకు, నాకంటే మూడేళ్లు పెద్ద. మొబైల్ షాపు నడుపుతాడు. ఆ టైమ్‌లో ఫోనంటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదేమో అనుకున్నా.

‘‘బామ్మర్దీ, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా.. ఒకటి చెప్పు. నేను కొన్న రేటు దగ్గరే ఉంది కాయిన్. పెరగలేదు, తగ్గలేదు. మరి నా ఎనభై వేలు యాభై మూడు వేలు ఎలా అయ్యిందిరా?’’

అడగ్గా అడగ్గా విషయం బయటికొచ్చింది. షాపులో స్టాక్ కోసమని చీటీ పాడి తెచ్చిన డబ్బు అది. నలభై రోజుల కిందట ఒక క్రిప్టో యాప్‌లో పెట్టాడు. ఓ చిన్న కాయిన్ పెరుగుతుందని, 10 రెట్ల లెవరేజ్‌తో. అత్తయ్యకి తెలీదు. అక్కకి, అంటే బావ భార్యకి, సగమే తెలుసు. ఇప్పుడు ఆవిడ గాజులు తాకట్టు పెట్టి ఇంకో యాభై వేలు వేస్తే ‘సేఫ్’ అవుతుందని బావ ఆలోచన. పొద్దున్నే బ్యాంకు తెరుస్తారు. అంటే నా చేతిలో ఉన్నది ఆ ఒక్క రాత్రే.

యాప్ స్క్రీన్‌షాట్ పంపమన్నా. అందులో ఓ మూల చిన్న అక్షరాల్లో ‘ఫండింగ్’ అని ఉంది. బావ దాన్ని ఎప్పుడూ నొక్కి చూడలేదు.

గడువు లేని పందెం

మామూలు ఫ్యూచర్స్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్ ఉంటాయి, వాటికి నిజామాబాద్ డెలివరీ కేంద్రం. ఫలానా తేదీకి ఈ కాంట్రాక్టు ముగుస్తుందని ముందే రాసి ఉంటుంది. ఆ తేదీ దగ్గరపడే కొద్దీ ఫ్యూచర్స్ ధర, మార్కెట్‌యార్డులో అసలు పసుపు ధర ఒకదానికొకటి దగ్గరవుతాయి. గడువే ఆ రెండిటినీ కట్టి ఉంచే తాడు.

పర్పెచువల్ ఫ్యూచర్స్‌కి ఆ గడువు ఉండదు. ఈ రోజు కొని, ఓపిక ఉన్నంతకాలం ఉంచుకోవచ్చు. ఈ ఆలోచన క్రిప్టో వాళ్లది కాదు. 2013లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రాబర్ట్ షిల్లర్, 1993లో అచ్చయిన పేపర్‌లోనే దీన్ని ప్రతిపాదించారు. ఇళ్లలాంటి తరచూ చేతులు మారని ఆస్తుల ధరల మీద కూడా ఫ్యూచర్స్ నడవాలన్నది ఆయన ఉద్దేశం. 2016 మేలో బిట్‌మెక్స్ దాన్ని బిట్‌కాయిన్‌కి తగిలించాకే లోకమంతా పాకింది.

మరి గడువు లేకపోతే ఆ ధర అసలు ధరని వదిలి ఎటో వెళ్లిపోదా? వెళ్లకుండా ఆపేదే ఫండింగ్. పెరుగుతుందని కొన్నవాళ్లు లాంగ్స్. తగ్గుతుందని అమ్మినవాళ్లు షార్ట్స్. ఫ్యూచర్ ధర అసలు ధర కన్నా పైకి పోతే, లాంగ్స్ ఎక్కువయ్యారని అర్థం. అప్పుడు ఫండింగ్ రేటు ప్లస్‌లో ఉంటుంది, లాంగ్స్ షార్ట్స్‌కి డబ్బు కట్టాలి. ధర కిందకి పోతే రేటు మైనస్, కట్టాల్సింది షార్ట్స్. జనం ఎటు ఎక్కువగా ఎగబడితే అటువాళ్లకి చేయి కాలుతుందన్నమాట. మామూలుగా ఈ డబ్బు ఎక్స్ఛేంజ్‌కి వెళ్లదు. ఒక ట్రేడర్ జేబులోంచి ఇంకో ట్రేడర్ జేబులోకి పోతుంది.

చాలాచోట్ల ఇది 8 గంటలకోసారి. యూటీసీ టైమ్ ప్రకారం 0 గంటలు, 8 గంటలు, 16 గంటలు. మన గడియారంలో పొద్దున్న 5.30, మధ్యాహ్నం 1.30, రాత్రి 9.30. పాల ప్యాకెట్ వేళకోసారి, భోజనం అయ్యాకోసారి, పడుకోబోయే ముందు మరోసారి. బావ నిద్రలో ఉన్నా, షాపులో గ్లాస్ అతికిస్తున్నా, ఆ టైమ్‌కి డబ్బు కదులుతూనే ఉంది.

చిన్న అంకె.. పెద్ద మొత్తం

ఆ రేటు చూస్తే నవ్వొస్తుంది. మార్కెట్ ప్రశాంతంగా ఉన్నప్పుడు సాధారణంగా 0.01 శాతం. అంటే పది వేల రూపాయలకి ఒక రూపాయి. ‘ఇదీ ఓ ఖర్చేనా’ అనిపిస్తుంది.

కిటుకంతా ఎక్కడుందంటే, ఈ రేటు మనం వేసిన డబ్బు మీద కాదు, మొత్తం పొజిషన్ విలువ మీద పడుతుంది. బావ వేసింది ఎనభై వేలు. 10 రెట్ల లెవరేజ్‌తో పొజిషన్ ఎనిమిది లక్షలు. దాని మీద 0.01 శాతమంటే ప్రతిసారీ రూ.80. రోజుకి మూడుసార్లంటే రూ.240. ఏడాది పొడవునా ఇలాగే నడిస్తే పొజిషన్ విలువలో 10.95 శాతం. దాదాపు బ్యాంకు పర్సనల్ లోన్ వడ్డీ అంత. అదీ మార్కెట్ ప్రశాంతంగా ఉంటేనే.

(లెక్క అందరికీ తేలిగ్గా అందాలని రూపాయల్లో, సగటుల్ని గుండ్రంగా చేసి చెప్తున్నా. పొజిషన్ విలువ ధరతో పాటు రోజూ కాస్త అటూ ఇటూ అవుతుంటుంది.)

కాబట్టి ప్రశ్న తేలికైంది. ఆ నలభై రోజుల్లో ఈ కాయిన్‌కి ప్రతిసారీ ఎంత ఫండింగ్ పడింది? కూడితే చాలు.

డేటా అడిగితే ఇచ్చేస్తారు

ఇక్కడే ఏపీఐ పని. ఏపీఐ అంటే యాప్ తెరవకుండా, ఒక ప్రోగ్రామ్ నేరుగా ఎక్స్ఛేంజ్ సర్వర్‌ని ప్రశ్న అడిగే కౌంటర్ లాంటిది. పాత ఫండింగ్ రేట్లు పబ్లిక్ సమాచారం. బైనాన్స్, హైపర్‌లిక్విడ్ లాంటి చోట్ల వాటిని అడగడానికి ఖాతా కూడా అక్కర్లేదు, పాస్‌వర్డూ అక్కర్లేదు. కాయిన్ పేరు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా అని అడిగితే జేసన్ రూపంలో జవాబొస్తుంది. ఒక్కో వరసలో కాయిన్ పేరు, రేటు, ఆ రేటు వసూలైన సమయం ఉంటాయి.

బావ వాడిన ఎక్స్ఛేంజ్ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు. నాది.

పైథాన్‌లో పదిహేను లైన్లు రాశా. మొదటి రన్‌కే ఎర్ర అక్షరాలు. ‘ఇయర్ ఔట్ ఆఫ్ రేంజ్’ అంది. ఇలాంటి ఏపీఐలు టైమ్‌ని మిల్లీసెకన్లలో ఇస్తాయి, నేను సెకన్లనుకున్నా. కంప్యూటర్ పాపం యాభై వేల ఏళ్ల తర్వాతి తేదీని లెక్కగట్టాల్సొచ్చింది. వెయ్యితో భాగించా. రెండో రన్‌లో కూడిక ఆగిపోయింది. రేటు అంకెలా కనిపిస్తోంది కానీ కొటేషన్ మార్కుల మధ్య ఉంది, అంటే పైథాన్ లెక్కలో అది మాట, అంకె కాదు. దాన్నీ సరిచేశా. ఇవి మంచి తప్పులు. ఎందుకంటే అరిచి చెప్తాయి, ప్రోగ్రామ్‌ని ఆపేస్తాయి.

మూడో రన్‌కి జవాబొచ్చింది. రూ.11,520.

నోరు మెదపని తప్పు

పన్నెండున్నరకి బావకి ఫోన్ చేసి గర్వంగా చెప్పా. ఫండింగ్ కింద పదకొండున్నర వేలు, కొన్నప్పటి ఫీజు ఓ నాలుగొందలు అని.

అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం. ‘‘మరి మిగతా పదిహేను వేలు? యాప్ వాడు తినేశాడన్నమాట!’’ అని, తర్వాత తనే లెక్కేసుకున్నాడు. ‘‘సర్లే. నలభై రోజులకి పదకొండు వేలంటే రోజుకి మూడొందలు కూడా కాదు. అంతమాత్రం భరించొచ్చు. పొద్దున్నే గాజులు పెట్టేసి డబ్బు వేసేస్తా. కాయిన్ లేస్తే అన్నీ కలిసొస్తాయి.’’

నా అంకె చూసే ఆ మాటన్నాడు. నేను చెప్పకముందు కాస్త భయపడ్డాడు, చెప్పాక ధైర్యం తెచ్చుకున్నాడు. అప్పుడు నాకు భయమేసింది. పదిహేను వేలు తేడా ఉన్న లెక్కని నేను ‘లెక్క’ అని ఎలా చెప్పాను?

‘‘బావా, ఒక్క గంట ఆగు’’ అని ఫోన్ పెట్టేసి, ఈసారి మొత్తం కాదు, వరసలు లెక్కపెట్టా. సరిగ్గా 100.

ఆ అంకె చూడగానే అనుమానం రావాలి. నలభై రోజులు, రోజుకి మూడు. 120 రావాలి. అంత గుండ్రంగా 100 రావడమేంటి? డాక్యుమెంటేషన్ తెరిస్తే ఒక్క లైన్‌లో ఉంది: ఎన్ని వరసలు కావాలో చెప్పకపోతే 100 మాత్రమే ఇస్తాం. నేను చెప్పలేదు, వాళ్లు వందిచ్చి ఆపేశారు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. అడిగిన తేదీ నుంచి మొదలుపెట్టి పాతవి ముందుగా ఇచ్చారు కాబట్టి, రాకుండా పోయినవన్నీ ఇటీవలి రోజులవి.

ఇంకో వింత. 120లో 100 వచ్చాయంటే చివరి ఏడు రోజులే తగ్గాలి. కానీ నా చివరి వరస తేదీ పది రోజుల కిందటిది. ఎందుకని వరసల మధ్య సమయాన్ని తీసి చూశా. మొదటి 26 రోజులూ ఎనిమిది గంటల తేడా. ఆ తర్వాత నాలుగు గంటలు! మధ్యలో ఎక్స్ఛేంజ్ ఆ కాయిన్‌కి ఫండింగ్‌ని 8 గంటల నుంచి 4 గంటలకి మార్చింది. ఇది మోసమేం కాదు. ఒకవైపు జనం బాగా ఎగబడి రేటు హద్దుల్ని తాకుతున్నప్పుడు, చిన్న కాయిన్లకి చాలా ఎక్స్ఛేంజీలు గడువు తగ్గిస్తాయి. ప్రకటన కూడా ఇస్తాయి. బావ చూళ్లేదు, నేనూ చూళ్లేదు.

లెక్క కుదిరింది

ఈసారి పద్ధతిగా చేశా. వచ్చిన చివరి వరస సమయానికి ఒక మిల్లీసెకను కలిపి, అక్కడి నుంచి మళ్లీ అడగడం. ఖాళీ జవాబు వచ్చేదాకా అలా అడుగుతూనే ఉండటం. చివరికి 162 వరసలొచ్చాయి. మొదటి 26 రోజులకి 78, తర్వాతి 14 రోజులకి 84.

మొదటి 78 సార్లు సగటున 0.01 శాతం. అంటే రూ.6,240. తర్వాతి 84 సార్లు సగటున 0.03 శాతం, సారికి రూ.240 చొప్పున రూ.20,160. మొత్తం రూ.26,400. ఫీజు నాలుగొందలు కలిపితే రూ.26,800. ఎనభై వేలలోంచి తీస్తే రూ.53,200. బావ స్క్రీన్ మీద ఉన్నదీ అదే.

యాప్ వాడు ఏమీ తినలేదు. కానీ అసలు విషయం మొత్తంలో లేదు, ఆ చివరి రెండు వారాల్లో ఉంది. రోజుకి రూ.288 అనుకున్నది అబద్ధం. ఇప్పుడు నడుస్తున్న ఖర్చు రోజుకి ఆరుసార్లు రూ.240, అంటే రూ.1,440. గాజుల మీద తెచ్చే యాభై వేలు అక్షరాలా 35 రోజులు కూడా రావు. కాయిన్ రోజుకి 0.18 శాతం పెరిగితేనే బావ ఉన్నచోట ఉంటాడు. పెరగకపోతే వెనక్కే.

ఇంకోటి. మొదట్లో ధర సుమారు 10 శాతం పడితేనే డబ్బంతా పోయే ప్రమాదం. ఇప్పుడు ఖాతాలో మిగిలింది ఎనిమిది లక్షల్లో 6.65 శాతమే. ఎక్స్ఛేంజ్ ఖాతాలో కనీసం కొంత ఉండాలంటుంది కాబట్టి అంతకన్నా ముందే లిక్విడేట్ చేసేస్తుంది. ధర కదలకుండానే గోడ బావ దగ్గరికి నడిచొచ్చింది.

రేటొక్కటే చాలదు

ఆ రాత్రి తర్వాత నాలుగైదు ఎక్స్ఛేంజీల డాక్యుమెంటేషన్లు కూర్చుని చదివా. మీలో ఎవరైనా ఇలాంటి డేటా లాగి గ్రాఫ్ గీయాలనుకుంటే ఉపయోగపడతాయని రాస్తున్నా.

మొదటిది, రేటు పక్కన గడువు లేకపోతే ఆ రేటుకి అర్థం లేదు. బైనాన్స్‌లో చాలా కాయిన్లకి 8 గంటలు. హైపర్‌లిక్విడ్‌లో గంటగంటకీ. అందుకే ఒకచోట 0.0001 అని, ఇంకోచోట 0.0000125 అని కనిపిస్తే రెండోది ఎనిమిదో వంతు చవక అనుకోవద్దు. గంట రేటుని ఎనిమిదితో హెచ్చిస్తే రెండూ ఒకటే. పోల్చే ముందు అన్నిటినీ రోజు లెక్కలోకి మార్చుకోండి. గడువెంత అన్నది నమ్మకం మీద వదిలేయకుండా, వరుస సమయాల తేడా తీసి మీరే కనుక్కోండి.

రెండోది, 0.0001 అంటే శాతం కాదు. వందతో హెచ్చిస్తేనే 0.01 శాతం. ఈ రెండు సున్నాల దగ్గర వంద రెట్లు తప్పొస్తుంది.

మూడోది, ఒక్కసారికి ఎన్ని వరసలిస్తారో చూడండి. బైనాన్స్‌లో గరిష్ఠంగా 1,000. హైపర్‌లిక్విడ్‌లో 500. ఎనిమిది గంటల కాయిన్‌కి ఏడాదికి 1,095 వరసలు. అంటే ‘ఒక ఏడాది డేటా’ వెయ్యి దగ్గర ఆగిపోతే నెల రోజులు మాయం. గ్రాఫ్ మాత్రం చక్కగానే వస్తుంది.

నాలుగోది, యాప్‌లో ఇప్పుడు కనిపించే రేటు తర్వాతి వసూలుకి అంచనా. ఆ క్షణం వచ్చేదాకా మారుతుంటుంది. నిజంగా వసూలైన పాత రేట్లు వేరే. రెండిటినీ కలిపి కూడొద్దు.

చివరిది, ఇది అన్నిటికన్నా ముఖ్యం. అడిగే ముందే ఎన్ని వరసలు రావాలో కాగితం మీద రాసుకోండి. వచ్చాక సరిచూడండి. నేను ఆ పని చేసుంటే పన్నెండున్నరకి ఆ ఫోనే చేసేవాణ్ని కాదు.

కీ ఎవరికీ ఇవ్వొద్దు.. బామ్మర్దికైనా

ఆ రాత్రి ఇంకో పొరపాటు జరిగింది. ‘నీ ఖాతాలో నిజంగా ఎంత కోతపడిందో సరిచూడాలి’ అని నేనన్నానో లేదో, బావ తన ఏపీఐ కీ, రహస్య కీ రెండూ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపేశాడు. దానికి ట్రేడింగ్ అనుమతి కూడా ఉంది. ఎవడో టెలిగ్రామ్ గ్రూపువాడు ‘బాట్ పెడతా’నంటే చేసి పెట్టుకున్నాడట!

వెంటనే డిలీట్ చేయించా. మార్కెట్ రేట్లు చూడ్డానికి కీ అసలే అక్కర్లేదు. సొంత ఖాతా వివరాలకి కావాలన్నా, చూడ్డానికి మాత్రమే అనుమతి ఉన్న కీ చాలు. డబ్బు తీసే అనుమతి పొరపాటున కూడా పెట్టొద్దు. అంతకన్నా తేలిక, ఖాతా హిస్టరీని ఫైల్‌గా దించుకోవడం. బావ అదే చేసి పంపాడు. అందులో ఫండింగ్ కోతలు 162. నా వరసలూ 162. నలభై రోజుల్లో ఆ ఫైల్‌ని తెరవడం బావకి అదే మొదటిసారి.

రాత్రి రెండున్నర

మళ్లీ ఫోన్ చేసి, మొదట చెప్పింది తప్పని ఒప్పుకున్నా. రోజుకి రూ.1,440 అన్న అంకె ఒక్కటే చెప్పా. అమ్మమనలేదు, ఉంచుకోమనలేదు. కాయిన్ రేపు పెరగదని నేనెలా చెప్పగలను?

బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘షాపులో రోజుకి పద్నాలుగొందలు మిగలాలంటే ఎన్ని టెంపర్డ్ గ్లాసులు వేయాలో తెల్సా బామ్మర్దీ?’’ అన్నాడు.

సెబీ 2024 సెప్టెంబర్‌లో ఓ అధ్యయనం ఇచ్చింది. మన షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని. అక్కడ సెబీ ఉంది, లెక్కలున్నాయి, ఫిర్యాదుకి ఓ తలుపుంది. క్రిప్టో పర్పెచువల్స్ సెబీ పరిధిలో లేవు. ఇక్కడ మన లెక్క మనమే చూసుకోవాలి. ఆ లెక్క ఎవరికైనా దొరుకుతుంది, ఉచితంగా, కీ కూడా లేకుండా. దొరికింది పూర్తిగా దొరికిందా అన్నది మాత్రం మనమే చూసుకోవాలి.

సోమవారం పొద్దున్న పొజిషన్ మూసేశాడు. ఇంకో నాలుగొందల ఫీజు పోగా చేతికొచ్చింది రూ.52,800. గాజులు అక్క చేతికే ఉన్నాయి. అత్తయ్యకి బావే చెప్పాడు. ఆవిడ నాలుగు తిట్టి, చీటీ ఇంకా ఎన్ని నెలలు కట్టాలో లెక్కేసిందట, వేళ్ల మీద.

నా స్క్రిప్ట్‌లో ఇప్పుడు మొదటి లైన్ మారింది. డేటా అడగటానికి ముందే ఎన్ని వరసలు రావాలో లెక్కేస్తుంది. తగ్గితే మొత్తం చూపించదు, ఆగిపోతుంది.